ఎదురొచ్చే డెల్ఫీనో

డెల్ఫీనోది ఒకటే జబ్బు. ఊరంతా కొండను ఒక వైపు నుంచి చుట్టి వస్తే, అతను రెండో వైపు నుంచి చుడతాడు.

రోకావెల్లాలో ఆగస్టు పండగ వెళ్లిన ఆదివారం, సైకిలున్న ప్రతివాళ్లూ గాలి కనుమను చుట్టి రావడం ఆనవాయితీ. వెనకటి యుద్ధాల్లో ఫిరంగులు లాక్కెళ్లడానికి సైన్యం వేసిన కంకర బాట అది. తారు మొహం ఎరగదు. చర్చి ముందు బయలుదేరి, పొడుగాటి మెలికల దారిలో మెల్లగా కనుమ ఎక్కాలి. అవతల నిట్టనిలువు వాలు. బ్రేకుల మీద ప్రాణాలు పెట్టుకుని దిగితే చర్చి పెరట్లో తేలతారు. బుద్ధున్నవాళ్లు చేసేది అదీ. డెల్ఫీనో మాత్రం, జనమంతా అటు తిరిగి ఉండగానే ఇటు తిరిగి, ఆ నిట్టనిలువు వాలు మీదికి సైకిల్ని తోసుకుంటూ పోయేవాడు. తొక్కడమన్న మాటే లేదు. దిగేవాళ్లకు, మొండికేసిన గాడిదను సంతకు లాక్కొస్తున్న మనిషిలా ఎదురయ్యేవాడు.

"ఎందుకయ్యా నీకీ ఎదురు నడక?" అని అడిగితే ఏడాదికో కారణం చెప్పేవాడు. ఒకసారి ఎండ కళ్లలో పడుతుందన్నాడు. ఒకసారి ఎడమ మోకాలు కుడిదానికన్నా పొట్టి అన్నాడు. ఇంకోసారి, ఈ సైకిలు చేసినవాడు ఎడమచేతివాటం వాడు, ఇది అటు పోదు అన్నాడు. ఊరివాళ్ల లెక్క వేరు. డెల్ఫీనో బతుకంతా జున్ను కొట్టంలో మాగబెట్టిన జున్ను చక్రాలను పూటపూటకీ తిరగేసిన మనిషి. తిరగేసి తిరగేసి, చివరికి కొండను కూడా తిరగేస్తున్నాడని వాళ్లు తేల్చేశారు.

ఒక ఏడు జర్మనీ నుంచి వచ్చిన కుర్రవాడొకడు మెలికల దారిలో డెల్ఫీనో ఎదురుపడగానే, తానే దారి తప్పాననుకుని వెనక్కి తిప్పి ఊళ్లోకి వచ్చేశాడు. రొట్టెల కొట్టు ఫియొరెన్సా చర్చి పెరట్లో పెద్ద రాగి కాగులో పొలెంటా సంకటి కలుపుతోంది.

"ఎదురొచ్చింది గడ్డం మనిషేనా?" అని అడిగింది.

"అవును."

"నీ మొహాన్నే చూశాడా?"

"చూశాడు. నీళ్లున్నాయా అని కూడా అడిగాడు."

"అయితే నువ్వు వెళ్లేది సరైన దారే. వెళ్లు నాయనా, సంకటి చల్లారిపోతుంది."

నీళ్ల సంగతి అడిగి ఊరుకుంటే బాగుండేది. ఎదురైన ప్రతివాణ్నీ ఆపి, "నీ వెనకాల ఎవరున్నారు?" అని ఆరా తీసేవాడు. ఇదేం కూపీ అని విసుక్కునేవాళ్లు. కసాయి దుకాణం ఆయన ఒకసారి, "నా వెనకాల మా ఆవిడ ఉంది. లేకపోతే ఇంత జోరుగా ఎందుకు తొక్కుతాను?" అని ఆగకుండా వెళ్లిపోయాడు.

ఇంత చేసీ డెల్ఫీనో ఎన్నడూ చుట్టు పూర్తి చేసిన పాపాన పోలేదు. అటు నుంచి వెళ్లినవాడు ఇటు నుంచి కదా రావాలి. సగం దూరం పోయి, చేతకాక వెనక్కి మళ్లి, ఎక్కిన వాలులోనే దిగి, అందరికన్నా ఆఖర్న వచ్చేవాడు. ఆఖరివాళ్లు ఆ రాగి కాగును బూడిదా వెనిగరూ వేసి తోమాలని ఊరి కట్టుబాటు. అడుగంటిన సంకటి గోకుతూ డెల్ఫీనో, చుట్టూ బెంచీల మీద ఎకసెక్కాలాడుతూ ఊరు. పండగ అలా ముగిస్తేనే అందరికీ తృప్తి.

ఇదంతా ఒనోరీనాకు కొన్నేళ్లుగా తెలిసిందే, బెంచీ మీద నుంచి. ఆమె కొండ ఎక్కింది లేదు. ఎక్కింది ఆమె భర్త కొస్టాంజో. ఏటా దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చేవాడు. "పైన ఏముంది?" అని ఆమె అడిగేది. "బాట ఉంది," అని చెప్పి చొక్కా విప్పేవాడు. మాటల్ని ఉప్పులా వాడే మనిషి. మొన్న చలికాలంలో కొస్టాంజో పోయాడు. సైకిలు వసారాలో ఉండిపోయింది. వచ్చే వారం మేనల్లుడు వచ్చి దాన్ని తీసుకుపోతానన్నాడు, ఆమె సరేనంది. సరే అన్న దగ్గర్నుంచి ఆమెకు నిద్ర పట్టలేదు. సైకిలు పోతే, పైన ఏముందో ఇక తెలిసే దారి లేదు.

అందుకని ఆ ఆదివారం సీటు కిందికి దించి, బయలుదేరింది. ఇల్లాలు కదా, వట్టి చేతులతో ఇల్లు కదలడం చేతకాదు. సంచిలో హేజల్‌నట్ కేకు, ఒక జున్ను దిమ్మ, సాసేజీ, ఫ్లాస్కు, ఎవరైనా పడితే కట్టడానికి ఇస్త్రీ చేసిన గుడ్డ పీలికలు. మూడో మలుపుకల్లా ఊరు ఆమెను దాటిపోయింది. ఆరో మలుపులో కసాయి ఆవిడ కూడా దాటిపోయింది. ఆ పైన పశువుల నీళ్లతొట్టి దగ్గర కాలు కింద పెట్టింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కనుమ ఇంకా మబ్బుల్లోనే ఉంది. కాసేపు తొట్టి అంచు పట్టుకు నిలబడి, సైకిల్ని మెల్లగా దిగువకు తిప్పింది.

సరిగ్గా అప్పుడే పై మలుపులోంచి గడ్డం దిగింది, దాని వెనకే డెల్ఫీనో.

"నీళ్లున్నాయా ఒనోరీనా?"

"తొట్టి పక్కనే ఉన్నాను కదయ్యా."

"నీ వెనకాల ఎవరు?"

"నా వెనకాల ఎవరుంటారు? ఆవులు కూడా ముందుకెళ్లిపోయాయి."

"అయితే సరే," అని అతను తాపీగా సైకిలు దిగి, ముందు చక్రాన్ని ఎత్తి, వచ్చిన వైపుకే తిప్పాడు.

"అదేంటి, నువ్వెందుకు తిప్పావు?"

"నా పని అయిపోయింది."

ఒనోరీనా అతని వైపు చూసింది. కాగు తోమే డెల్ఫీనో పక్కన ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెమటతో, ఎర్రబడ్డ మొహంతో కూర్చుని ఉండడం గుర్తొచ్చింది. ఒక ఏడు బడి పంతులమ్మ, ఒక ఏడు కాలు బెణికిన చర్చి ఫాదరు. అందరూ అతనికన్నా ఒక్క అడుగు ముందు వచ్చినవాళ్లే.

"ఏటా ఇంతేనా?" అంది. "నిట్టనిలువుగా ఎక్కి, ఇటు దిగి, మళ్లీ ఎక్కడం?"

"ఎవరికీ చెప్పకు. చెబితే అందరూ మర్యాదకు ఆగడం మొదలెడతారు. ఆగితే మోకాళ్లు పట్టేస్తాయి."

"ఆఖరి వాళ్ల కోసమైతే హాయిగా వెనకాలే రావచ్చుగా?"

"వెనక మనిషి ఉన్నాడంటే ఆయాసపడేవాళ్లకు ఇంకా ఆయాసం. ఎదురొస్తే అనుకోకుండా కలిసినట్టుంటుంది." సంచి వైపు చూశాడు. "అందులో ఏముంది, అంత బరువు?"

ఆమె చెప్పింది. అతను తల పంకించి, బరువు తగ్గించే పని అక్కడికక్కడే మొదలుపెట్టాడు. జున్ను సగమైంది, సాసేజీ లేకుండా పోయింది. గుడ్డ పీలికలు మాత్రం వదిలేశాడు.

ఇద్దరూ సైకిళ్లు తోసుకుంటూ పైకి నడిచారు. లోయ అంచు వైపు అతను, కొండ వైపు ఆమె. కింద చర్చి శిఖరం గుండుసూదంత అయింది. రాళ్ల మధ్య మార్మోట్‌లు, ఉడుతలకు పెదనాన్నల్లాంటివి, ఈల వేసి కలుగుల్లో దూరుతున్నాయి. ఆమె ప్రతిదాని పేరూ అడిగింది. అతను తెలిసినవి చెప్పాడు, తెలియనివాటికి పెట్టాడు.

కనుమకు ముందరి మలుపులో ఆగి, "నీ మొగుడు పాట ఎత్తుకునేది ఇక్కడే," అన్నాడు.

"ఎవరు పాడేది?"

"కొస్టాంజో."

"మా కొస్టాంజోనా? ఇంట్లో నోరు తెరిచేది సూపు తాగడానికే."

"వాళ్లందరూ చూసింది అతని వీపును. నేనొక్కణ్నే ఎదురొచ్చేది. గొంతు చించుకుని పాడేవాడు, నన్ను చూడగానే దగ్గేవాడు. పాట మాత్రం ఘోరం. మాటలు గుర్తుండేవి కావు. గుర్తురాని చోటల్లా నీ పేరు పెట్టేవాడు. ఒ-నో-రీ-నా. నాలుగక్షరాలు కదా, ఎక్కడైనా సరిపోతుందట."

ఒనోరీనా నవ్వింది. నవ్వు ఆగక సైకిలు మీద వాలి నవ్వింది. కళ్లు తుడుచుకుని, ఆ మలుపు నుంచి కనుమ దాకా తొక్కుకుంటూ వెళ్లింది.

పైన గాలి తోసేస్తోంది. మోన్‌వీజో శిఖరం ఒంటిపన్నులా నిలబడి ఉంది. దక్షిణాన, కొండల వెనక కొండలన్నీ అయిపోయాక, సన్నటి నీలిగీత.

"అది సముద్రమని నేను, మబ్బని అతను," అన్నాడు డెల్ఫీనో. "తేలకుండానే పోయాడు. నువ్వు చెప్పు."

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఎడమ పక్కకు జరిగి చూసింది. రాయెక్కి చూసింది.

"ఇది ఒక్కసారి చూసి తేల్చే సంగతి కాదు," అంది చివరికి. "మేనల్లుణ్ని వేరే సైకిలు చూసుకోమంటాను."

దిగేటప్పుడు అతను వెనకే వచ్చాడు. "నువ్వు పడితే ఏరుకోవాలిగా," అన్నాడు. ఆమె పడలేదు. బ్రేకులు కీచుమంటుండగా చర్చి పెరటి గోడ దాకా వచ్చాక వెనక్కి చూస్తే, డెల్ఫీనో గోడ బయట ఆగి, వంగి టైరు నొక్కుతున్నాడు.

"నువ్వు పద. గాలి తగ్గినట్టుంది."

ఆమె కూడా దిగి, వంగి, తన టైరు నొక్కడం మొదలుపెట్టింది. టైరు గురించి ఆమెకు ఏమీ తెలియదు.

"ఇద్దరూ అక్కడేం చేస్తున్నారు?" అని ఫియొరెన్సా గరిటె ఊపింది. "ఎవరో ఒకరు రండి."

"పద ఒనోరీనా."

"నువ్వే పద."

"నాకు అలవాటు లేదు."

"పొద్దుట్నుంచీ నీ గడ్డమే చూస్తున్నాను డెల్ఫీనో. ఒక్కసారి నీ వీపు కూడా చూడనీ."

అతను గడ్డం గోక్కున్నాడు, అటూ ఇటూ చూశాడు, ఇక తప్పక ముందుకు నడిచాడు. బెంచీలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. ఆ వెంటనే కసాయి ఆయనకు పొలమారింది. డెల్ఫీనో నిక్కరు వెనక భాగం ఎప్పుడో చిరిగిపోయి ఉంది. లోపలి ఎర్రగళ్ల బట్ట పండగ జెండాలా ఊరందరికీ కనబడుతోంది.

"ఏవయ్యా, ఇది ఎన్నేళ్లుగా ఇలా ఉంది?" అంది ఫియొరెన్సా.

"ఏమో," అన్నాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటూ. "ఎవరూ చెప్పలేదు."

ఒనోరీనా అందరికన్నా ఆఖర్న లోపలికి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, జాకెట్టు చేతులు పైకి మడిచి, బూడిద గిన్నె అందుకుంది.

"రేపు ఆ నిక్కరు పట్టుకురా, మాసిక వేస్తాను," అంది. "ఇప్పటికి మాత్రం ఆ బెంచీ మీద కూర్చో. కాగు తోమడం అయ్యేదాకా లేవకు."