నిర్మాతగారి ఆర్గానిక్ తోటకూర

మా నిర్మాతగారికి రెండు పిచ్చులు. ఒకటి రైతు సినిమా తీయడం, రెండోది తనే రైతైపోవడం. మొదటి పిచ్చికి మాటలు రాయడానికి నన్ను పెట్టుకున్నారు. రెండోదానికి ఊరి అవతల మూసీ కాలువ పక్కన తోట కొన్నారు.

ఫిల్మ్‌నగర్‌లో సిట్టింగ్ అంటే కథ గురించి మాట్లాడుకోవడమని బయటివాళ్ళు అనుకుంటారు. మా దగ్గర సగం రోజు ఆ తోట పురాణమే. "పురుగుమందు చుక్క కూడా కొట్టమండీ. విత్తనం నాటుది, ఎరువు నాటావుది. పొద్దున్నే మొక్కలకి వీణ కూడా వినిపిస్తాం" అనేవారాయన. మేం "అబ్బ!" అనాలి. దర్శకుడు అందరికంటే గట్టిగా అనేవాడు. ఊరి మురుగూ, ఫ్యాక్టరీల కంపూ కలిసి పారే ఆ కాలువ నీళ్ళే తోటకి పెడుతున్నారా అని మాలో ఒక్కడూ అడగలేదు. వీణ వినే మొక్కలని నీళ్ళ గురించి ఏం అడుగుతాం!

మధ్యాహ్నం ఆయన ఇంటినుంచి క్యారేజీ వచ్చేది. తోటకూర పప్పు, గోంగూర పచ్చడి, పాలకూర వేపుడు. ఆవు కూడా అన్ని ఆకులు తినదు. తిని, లొట్టలేసి, "ఈ రుచి జన్మలో చూడలేదండీ" అనాలి. అనకపోతే మర్నాడు సిట్టింగుకి పిలుపు రాదు.

అదీ చాలదన్నట్టు, వారం వారం ఆయన సినిమా క్యాంపులో అందరి ఇళ్ళకీ ఆకుకూరల బుట్ట. మోతీనగర్‌లో మా ఇంటికి ఆయన డ్రైవరు తెచ్చేవాడు. "గివి మా సార్ పంపిండు. పొద్దుగాలనే కోసిండ్రు, జర చూడుండ్రి ఎంత తాజాగున్నయో!" అని గుమ్మంలో పెట్టి పోయేవాడు. బుట్ట వద్దన్నవాడు క్యాంపులో లేనట్టే లెక్క.

పైగా మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా తినమంది డాక్టరమ్మ. దానికేమో చిన్నప్పటినుంచీ ఆకు చూస్తే మొహం వంకర. మా ఆవిడ బతిమాలి, బెదిరించి, నెయ్యేసి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. "ఆర్గానిక్ తల్లీ, కళ్ళు మూసుకుని మింగెయ్" అని పక్కనుంచి నేను వంతపాడేవాణ్ణి.

హీరోయిన్‌కి కూడా బుట్ట వెళ్ళింది. ఆవిడ బొంబాయి మనిషి, మన మొహమాటాలు తెలియవు. ఆవిడ నోట్లోకి ఏం వెళ్ళాలన్నా ముందు డైటీషియన్ ఒప్పుకోవాలి. ఆ డైటీషియన్ మహాతల్లి తోటకూర కట్టని ల్యాబుకి పంపింది. సీసం, కాడ్మియం అనే విషలోహాలు ఉండకూడనంత ఉన్నాయని తేలింది. కాలువ నీళ్ళలోంచి వేళ్ళలోకి, అక్కణ్ణుంచి ఆకుల్లోకి ఎక్కాయట. కడిగినా పోవట, ఉడికించినా పోవట. హీరో నేలతల్లిని గుండెలకి హత్తుకుని ఏడ్చే సీను నేను చదువుతుండగా మేనేజరు వచ్చి ఈ కబురు చెప్పాడు.

"అయ్యయ్యో! హీరోయిన్‌గారికి ఇంక పంపకండి. షూటింగ్ దగ్గర పెట్టుకుని ఆవిడకేమైనా అయితే?" అన్నాడు దర్శకుడు. నిర్మాతగారు తలూపి, "కానివ్వండి రచయితగారూ, ఏడుపు దగ్గర ఆగాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "బుట్ట మా ఇంటికీ వస్తోంది కదండీ!" అన్నాను.

"మనకేం కాదండీ. రాళ్ళు తిని అరిగించుకునే ఒళ్ళు మనవి" అన్నారు నిర్మాతగారు.

"మా అమ్మాయికి ఏడో నెలండీ."

ఆయన మొహం నిజంగానే జాలిగా అయిపోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ? మా కోడలికీ నెలలు నిండుతున్నాయి. మేమైతే దాన్ని ఆ ఆకు ముట్టనివ్వమండీ. మా వియ్యంకుడుగారు వాళ్ళ ఊర్నుంచి పంపిస్తారు, బోరు నీళ్ళతో పండినవి."

"ఎప్పట్నుంచండీ?"

"కాలువ నీళ్ళు కదా అని మా ఆవిడకి మొదట్నుంచీ అనుమానమే."

"మరి మాకు చెప్పొచ్చుగా?"

"ప్రేమగా పంపిస్తున్నాం కదండీ. చెబితే మీరు ఫీలవుతారని..."

ఇన్నేళ్ళుగా విలన్లకి మాటలు రాస్తున్నాను, ఒక్కడిచేత కూడా ఇంత తియ్యగా మాట్లాడించలేకపోయాను. కాగితాలు బల్లమీద పడేసి, "ఆ ఏడుపేదో మీరే ఏడవండి" అని లేచొచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి భోంచేస్తోంది. కంచం లాగేసుకున్నాను. మా ఆవిడ నామీద కేకలేసింది. విషయం చెప్పాక తనే బుట్ట తీసుకెళ్ళి చెత్తలో పోసింది.

మర్నాడు రక్తపరీక్ష చేయించాం. "సీసం కనబడుతోంది. హడలిపోయేంత కాదు. ఆ ఆకుకూరలు మాత్రం మానేయండి. పుట్టాక బిడ్డకీ పరీక్ష చేద్దాం, అప్పుడు చూద్దాం" అంది డాక్టరమ్మ.

తిరిగొస్తుంటే ఆటోలో మా ఆవిడ ఏడుపు ఆపలేదు. తన చేత్తోనే కలిపి పెట్టానని ఒకటే గోల. అమ్మాయే ఆవిణ్ణి ఊరుకోబెట్టింది. ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, "పుట్టనీ, అన్నప్రాసన దాకా పాలు తప్ప ఇంకేదీ దాని నోటి దగ్గరికి రానివ్వను" అంది.

అమ్మాయి పొట్టమీద చెయ్యి తీయకుండానే, మెల్లగా అంది.

"అన్నప్రాసన మనం చేసేశాం కదమ్మా."