ఓడినోడు అలుకుతడు

కామారెడ్డి టేషన్ అవతలి మిల్లు బియ్యం మీ ఇంట్ల వండుతరా? వండితే జర చూసుకొని తినుండ్రి. పంటి కింద రాయి తగిలితే ఊంచెయ్యకుండ్రి, కడిగి చూడుండ్రి. అది రాయి కాదు, నా పన్నయ్యుంటది. ఆ మిల్లోళ్లు వడ్లు ఆరబోసే నేలలనే నా ముందటి పన్ను ఒకటి పోయింది. నవ్వులాటకు అంటున్న అనుకునేరు. కోపంతోనే అంటున్న. నాకు కోపమొస్తే మాట గిట్లనే వంకరగ వస్తది, చిన్నప్పటి సంది అంతే.

బడి నన్ను నాలుగో తరగతి దాంక భరించింది. ఉర్దూ సార్ ముక్కుపొడుం పీల్చి తుమ్ముడు ఎట్లుంటదో పిల్లలకు చేసి చూపించిన. అందరు నవ్విన్రు, సార్ నవ్వలేదు. ఇంటికాడ బాపు గూడ నవ్వలేదు. అట్ల నా చదువు పోయింది, నోరు మిగిలింది. ఆ నోటినే పెట్టుబడి పెట్టి, సైకిల్ పందేలల్ల రేకు భోంగా పట్టుకొని అరిచేటోణ్ణి అయిన.

టేషన్ అవతల సర్కారు బంజరొకటి ఉండె. మొరం నేల, పరికి కంపలు, తొండలు గూడ గుడ్లు పెట్టని జాగ. మా ఉస్తాద్‌కు టేషన్ ముందట కిరాయి సైకిళ్ల దుకాణం. దుకాణమంటే నాలుగు సైకిళ్లు, ఒక గాలి పంపు, పంచరు చూసేటందుకు ఒక గంగాళం నీళ్లు. ఆయనకు యాడికెల్లి పుట్టిందో గాని ఒక పిచ్చి పుట్టింది. గుండ్రంగ బాట చెయ్యాలె, బ్రేకులు విప్పేసి దాంట్ల సైకిళ్లు ఉరికియ్యాలె, ఎడమకే తిరుక్కుంట పది చక్కర్లు. పదకొండు మందిమి జమైనం. తపాలా పంచేటాయన, బీడీ ఆకు తూకం వేసేటోడు, ఒక కుమ్మరాయన, ఇద్దరు హమాలీలు, ఇంక గిట్లాంటోళ్లే. దానికి సైకిల్ సంఘమని పేరు పెట్టుకున్నం. బోర్డు లేకుండె. మా అందర్ల రంగుతోటి బోర్డు రాసేటోడు ఎవడున్నడు?

మొదటి ఏడాది మొరం మీదనే ఉరికినం. ఆ ఏడాదే నేను మలుపు కాడ జారి బోర్ల పడ్డ. లేచి మూతి తుడుచుకుంటే నెత్తురు, నోట్ల కొత్త కిటికీ. మళ్ల పందెంల సైకిలెక్కలేదు, భోంగా పట్టిన. పంటి సందుల కెల్లి గాలి పోయి నా అరుపు ఇంకింత దూరం వినపడేది, ఆ ఒక్కటి లాభం.

నేను పడ్డది చూసి ఉస్తాద్ తల్లి కొంగు బిగించింది. మేమందరం అవ్వ అనే పిలిచేటోళ్లం. కల్లం అలుకుడుల అవ్వను మించినోళ్లు చుట్టుపక్కల లేరు. కోతల కాలంల భిక్నూరోళ్లు, రామారెడ్డోళ్లు బండి కట్టుకొని వచ్చి తీస్కపోయేటోళ్లు.

"పోరగాండ్ల మూతులు పలుగుతున్నయిరా కొడుకా. నేలను నేను జేస్త, ఉరుకుడు మీరు ఉరుకుండ్రి" అన్నది.

కంప కొట్టించింది. చెరువుల మట్టి తెప్పించి పోయించింది, నీళ్లు పెట్టించి ఎడ్లతోటి తొక్కించింది. ఆరినాక రాతి గుండు దొర్లించింది. ఆ మీద పెండ పలుచగ కలిపి, కూసున్నకాడికెల్లి జరుక్కుంట, అరచేత్తోటి అర్ధచంద్రం గీసినట్టు అలుక్కుంట పోయింది. రెండు దినాలకు బాట పలక లెక్క అయ్యింది. సైకిల్ చక్రం పోతుంటే సప్పుడు గూడ వేరే, పట్టు చీర జారినట్టు.

అలుకు ఎప్పటికి నిలువది. ప్రతి పందేనికి ముందు మళ్ల అలకాలె. ఎవరు అలకాలె అని కొట్లాట వస్తే అవ్వనే నియమం పెట్టింది. "ఓడినోడు అలుకుతడు. పడ్డోడు ఓడినోడు కాదు, వానికి దెబ్బలే చాలు. ఆఖరుకు వచ్చినోడే పెండ పట్టాలె."

ఎల్లారెడ్డిల గూడ ఒక సంఘం ఉండె, అంగడి మైదానంల ఉరికేటోళ్లు. వాళ్లు పొద్దుగాలనే బయలెల్లి, సద్ది కట్టుకొని మా దిక్కు వచ్చేటోళ్లు. వాళ్లల్ల ఒక పటేలు కొడుకు. మంచి సైకిలు, మంచి ధోతి, మంచి మీసం, ఉరుకుడే అంతంత మాత్రం. ఒకసారి ఆఖరుకు వచ్చిండు. మళ్లొచ్చిన పందెం పొద్దున ఒక జీతగాణ్ణి వెంట తెచ్చి బొక్కెన వానికిచ్చిండు.

ఉస్తాద్ బొక్కెన మీద చెయ్యి పెట్టిండు. "చిన్న పటేలా, ఓడింది నువ్వా, నీ జీతగాడా?"

"నేనే గని..."

"మరి వాడు నీ కంటె జోరుగ తొక్కుతడేమో, సైకిలు వానికియ్యి. లేకుంటే పెండ నువ్వు పట్టు."

నేను ఊకుంటనా? భోంగా ఎత్తిన. "రాండ్రి, రాండ్రి! మీసమున్న చెయ్యి పెండల పెడుతున్నది! మళ్ల దొరకది ఈ తమాషా!" ఊరు ఊరంత ఉరికొచ్చింది. పటేలు కొడుకు ఎర్రగయ్యిండు, ధోతి ఎగజెక్కిండు, కూసున్నడు. అవ్వ పక్కన కూసుండి, "గట్ల కాదు బిడ్డా, మణికట్టు తిప్పాలె" అని నేర్పింది. పందేనికంటె అలుకుడుకే ఎక్కువ జనం వచ్చిన్రు ఆ రోజు. వాడు మాత్రం ఏమనుకోలేదు. తర్వాత మాకు దోస్తయ్యిండు.

ఆ జనమే మాకు దిక్కు. బాట చుట్టు మూడు వరుసలు నిలబడేటోళ్లు. నేను అరిచేటోణ్ణి, "తపాలాయన వస్తున్నడు, ఉత్తరాలు రాయనోళ్లు పక్కకు జరుగుండ్రి!" అని. నవ్వు రైలుకూతను మింగేది.

తర్వాత డేరా టాకీ వచ్చింది. ఊరి అవతలి కొసకు డేరా వేసిన్రు, పగటాట గూడ పెట్టిన్రు. మూడు వరుసలు రెండయినయి, రెండు ఒకటయినయి. ఆ మీద జర్మనీ లడాయి. టైర్లు లేవు, ట్యూబులు లేవు. ఉస్తాద్ అతుకు మీద అతుకు వేసి, ఆఖరుకు ట్యూబు తీసేసి టైర్ల వరిగడ్డి కూరిండు. సైకిళ్లు నిండు చూలాలు నడిసినట్టు నడిచినయి. నేను అరిచిన, "టైర్ల గడ్డి ఉన్నది, మీ బర్రెలను దూరం కట్టేసుకోండ్రి!" అందరు పడిపడి నవ్విన్రు. మళ్లొచ్చిన పందేనికి వాళ్లల్ల సగం మంది రాలేదు. ఒక్కసారి నవ్వినంక ఇంకేం చూస్తరు? మా పందేన్ని నవ్వులపాలు చేసినోళ్లల్ల మొదటోణ్ణి నేనే. ఇది నాకు గప్పుడు తెల్వలేదు. తెలిసినా భోంగా దించేటోణ్ణి కాదు.

ఎవరొచ్చినా రాకున్నా ఒక మనిషి మాత్రం తప్పకుండ వచ్చేటోడు, మిల్లు సేటు. ఛత్రి కింద నిలబడేటోడు. "నాకు సైకిళ్లంటే బహుత్ షౌక్" అనేటోడు. గంత పెద్దమనిషి వచ్చిండని మేము పొంగిపోయినం, కుర్చీ వేసినం. ఆయన సైకిళ్లను చూసేటోడు కాదు, నేలను చూసేటోడు. ఒక దినం పందెం మధ్యల వంగి, జేబుల కెల్లి పిడికెడు వడ్లు తీసి బాట అంచుకు చల్లిండు. మళ్ల అరచేత్తోటి దగ్గరికి ఊడ్చి, ఎత్తి, ఊది చూసుకున్నడు. ఒక్క మట్టి బెడ్డ లేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టుడంటే ఇదే. నేను చూసిన, నా రెండు కండ్లతోటి చూసిన. చూసి ఏం చేసిన? భోంగాల అరిచిన, "సేటు గింజలు చల్లుతున్నడు, ఎల్లారెడ్డి కోళ్లు ఉరికిరాండ్రి!" సేటు గూడ నవ్విండు. ఎందుకు నవ్వడు?

నెల తిరగకముందే తాసీలు కచేరి చప్రాసి వచ్చి చెప్పిండు. బంజరు ఊకెనే పడి ఉన్నది, మిల్లుకు ఇప్పియ్యాలె అని సేటు అర్జీ పెట్టిండట. సర్కారు భూములు తనిఖీ చేసే గిర్దావర్ సాబ్ వచ్చి చూస్తడట.

ఉస్తాద్ మొఖం పాలిపోయింది. నేనే ఎగిరిన. "ఊకెనే పడి ఉన్నదంటడా? అద్దం లెక్క చేసి చూపిద్దాం! బాట ఒక్కటే కాదు, మొత్తం బంజరు అలుకుదాం. అంత మంచి నేలను చూసినంక ఎవడు గుంజుకుంటడు?"

ఈ మాట నాదే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోబుద్ధయితది. అలకమని చెప్పింది నేను, అలికింది వాళ్లు. పదిమంది, అవ్వ, ఎల్లారెడ్డి పటేలు కొడుకు గూడ వచ్చి నాలుగు దినాలు మోకాళ్లు అరిగేటట్టు అలికిన్రు. బాట లోపల, బాట బయట, కంచె దాంక. సాబ్ వచ్చే దినమే పందెం పెట్టినం, నేను జనాన్ని పిలుస్తనని భోంగా పట్టుకొని గల్లీలు తిరిగిన. అందరు "వస్తం, వస్తం, రాకుంటే ఎట్ల" అన్నరు.

ఆ రోజే డేరాల కొత్త ఆట పడ్డది. పందెం చూడొచ్చినోళ్లకంటె పందెం ఆడేటోళ్లే ఎక్కువ ఉన్నరు.

గిర్దావర్ సాబ్ చెప్పులిడిచి నేల మీద నడిచిండు. మడిమతోటి నొక్కి చూసిండు. "ఎవరు చేసిన్రు ఇది?"

ఉస్తాద్ ఛాతీ ఉబ్బిచ్చిండు. "మేమే సాబ్. మా అవ్వ చెయ్యి. కల్లం అలికినట్టు అలికినం. గింజ పడితే గింజే లేస్తది, మట్టి లేవది."

మా దిక్కు నేలను అంతకంటె పెద్దగ పొగిడే మాట లేదు. వ్యవసాయదారుల మధ్యల పుట్టినోనికి ఇంకే మాట వస్తది? సేటు ఛత్రి కింద నుంచి తల ఊపిండు. ఆయన చెప్పాలనుకున్నదంత మా ఉస్తాదే చెప్పిండాయె.

"పందెమన్నరు, జనమేరి?" అని గిర్దావర్ సాబ్ అడిగిండు.

"డేరాల ఉన్నరు సాబ్, ఇంటర్వెల్ల పిలుచుకొస్త" అన్న. ఆయన నవ్వలేదు. నా ఉర్దూ సార్ యాదికొచ్చిండు.

"లడాయి దినాలు. వడ్లు ఆరబెట్టే జాగ లేక సడక్ మీద పోస్తున్నరు. ఈడ కల్లం తయారున్నది, పక్కకు మిల్లు తయారున్నది. మధ్యల మీరెందుకు?" అన్నడు. జవాబు కోసం ఆగలేదు, చెప్పులేసుకున్నడు.

సేటుకు జాగ మంజూరయ్యింది. మొరం లెక్క ఉన్నన్నొద్దులు ఆ బంజరును కుక్క గూడ చూడలేదు. అవ్వ అరచేతులు అరిగి, నేల నున్నగయినంకనే అందరికి కండ్లు వచ్చినయి. సేటు మీద కోపం లేదా అంటే ఉన్నది, కడుపు నిండ ఉన్నది. గని వాడు వ్యాపారస్తుడు, గింజ యాడ పడితే ఆడ వంగుతడు. నాకు ఎక్కువ మండింది ఊరి మీద. ఏండ్లకేండ్లు మా మీద నవ్వుకున్నరు, ఆ ఒక్క దినం రాలేదు. తర్వాత దుకాణం కాడికి ఒక్కొక్కడే వచ్చి, "అయ్యో, పాపం, మంచిగుండె" అని గాలి కొట్టించుకొని పోయిన్రు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

జాగ అప్పజెప్పే రోజు పొద్దున నేను ఉస్తాద్ ఇంటికి పోయిన. "నాగలి తెస్త. పొద్దెక్కకముందే దున్నేద్దాం. మొరం తీసుకున్నం, మొరమే ఇద్దాం! వడ్లు పోసి ఏరుకోమను, బెడ్డలన్ని వాని మిల్లుల పడనియ్యి!"

ఉస్తాద్ పెండ కలుపుతున్నడు. తల ఎత్తలేదు. "అవ్వ చేతి అలుకు మీద నాగలి పెట్టుమంటవా?"

"మరి అదెందుకు కలుపుతున్నవ్?"

"ఓడినం గదరా. ఓడినోడు అలుకుతడు."

"ఏం పందెం ఆడి ఓడినం ఉస్తాద్? వాడు సైకిలెక్కిండా? ఒక్క చక్కర్ కొట్టిండా?"

"ఆయన ఎక్కలేదు. మనం ఆఖరుకు వచ్చినం. నియమం మనది, ఆయనది కాదు." బొక్కెన ఎత్తుకొని పోయిండు.

నేను వెంట పోయిన, దారిపొడుగుత తిట్టుకుంట. అక్కడ తపాలాయన, హమాలీలు, కుమ్మరాయన అప్పటికే కూసున్నరు. పటేలు కొడుకు గడ్డి టైర్ల సైకిలు మీద ఎల్లారెడ్డి కెల్లి వచ్చి, చెమట గూడ తుడుచుకోకుండ బొక్కెనల చెయ్యి పెట్టిండు. వాళ్ల అంగడి మైదానంల గూడ ముసాఫిర్ బంగళా కడతరని కొలతలు పెట్టిన్రట. "రేపో మాపో మా వంతు" అన్నడు, అంతే. మణికట్టు మంచిగ తిప్పుతున్నడు.

నేను ఒక్కణ్ణే నిలబడ్డ, భోంగా చేతిల. ఏదన్న అందామనుకున్న. భోంగా ఎత్తిన, మళ్ల దించిన.

అవ్వ నా దిక్కు చూసింది. "ఏందిరా, నోరు పడిపోయిందా?"

"నాకు కోపమొస్తున్నదే అవ్వా."

"రానియ్యి. వాళ్లకు రావట్లేదనుకుంటున్నవా?" బొక్కెన నా ముందటికి జరిపింది. "పడ్డోడు ఓడినోడు కాదని అప్పుడు తప్పించుకున్నవ్. ఆ తర్వాత సైకిలే ఎక్కకపోతివి. ఇప్పుడు ఎక్కడ పడ్డవో చూపెట్టు, లేకుంటే కూసో."

కూసున్న. అన్నేండ్లల్ల అదే మొదటిసారి నేను పెండల చెయ్యి పెట్టుడు. నేను పడ్డ మలుపు కాడనే కూసున్న. నా అలుకు నిండ వేళ్ల గుర్తులే పడ్డయి. అవ్వ చూసింది గని మళ్ల సదురలేదు, గట్లనే ఉంచింది.

మూడో దినం సేటు ఆడ వడ్లు పోసిండు. ఒక్క గింజకు మట్టి అంటలేదట. పదిమందిల నిలబడి, "ఏం నేల చేసిన్రుర వీళ్లు!" అని మెచ్చుకున్నడట. ఆ మెచ్చుకోలు మోసుకొచ్చి నాకు చెప్పినోణ్ణి నేను తిట్టిన తిట్టు ఈడ రాయలేను. ఇంట్ల ఆడపిల్లలు గూడ ఇది చదువుతరు.