అప్ప పేరు అంటుకోని చెయ్యి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఊళ్లో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పూండి స్టేషన్లో టైమెంతయిందని అడిగే తెల్లచీర మనిషి కూడా నా కల్పనే. అలాంటివాణ్ణి, నేనెలా నమ్ముతాను?

మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. ఇంటికో కిడ్నీ రోగి ఉండే ప్రాంతం. నన్ను పెంచిన మా అప్ప, అంటే మా అక్క, నీలవేణి కూడా ఆ జబ్బుతోనే పోయింది. డయాలసిస్ సూదులకు ఆమె ఎడమ చెయ్యి ముడులు ముడులుగా ఉబ్బిపోయింది. ఆమె పేరు నా ఎడమ చేతి మీద టాటూ వేయించుకోవాలనుకున్నాను. ఆమె పోయాక నేను మాత్రం రక్తపరీక్షకు వెళ్లలేదు. కాళ్లు వాస్తున్నా వెళ్లలేదు. భయం.

షాపు వెతకడంలో మాత్రం పెళ్లి సంబంధం చూసినంత హడావుడి చేశాను. టెక్కలిలో ఒకచోట వాడిన సూదినే తుడిచి పెడుతుంటే చూసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. పలాసలో ఒకావిడ మనిషి ఎదుటే కొత్త సూది ప్యాకెట్టు చింపి, గ్లౌజులు మార్చుకుంటోంది. నచ్చింది.

"రెండ్రోజులు మందు ముట్టకు. కడుపు నిండా తిని రా. మీ ఉద్దానమోల్లయితే కిడ్నీ రిపోర్టు కూడా అట్టుకు రావాలన్నయ్యా. ఆనక పుండు మానకపోతే కట్టం" అంది.

మందు మానేశాను, అదే పెద్ద వింత. ఆరు ఇడ్లీలు తిని వెళ్లాను. రిపోర్టు ఇంట్లో మరిచిపోయానని, అందులో అంతా బాగుందని అబద్ధం చెప్పాను.

చేతి మీద వెంట్రుకలు గీసి, అచ్చు పట్టే మందు రాసి, అప్ప పేరున్న ఊదారంగు కాగితం అద్దింది. ఆ అచ్చు చర్మం మీద దిగితేనే దాని వెంట సూది నడుపుతారు. తీసి చూస్తే చర్మం మీద మరక కూడా లేదు. మళ్లీ తుడిచి కొత్త కాగితం అద్దింది. లేదు. మూడోసారీ అంతే. విసుగొచ్చి అదే కాగితం తన మణికట్టు మీద అద్దుకుంది. నీలవేణి అని ముద్ర కొట్టినట్టు దిగింది.

"సేతికి నూనె రాసుకొచ్చినావేటి?"

"నూనె కాదు తల్లీ, నీ కాగితమే పాడు."

"నా సేతి మీద పడింది గదా! నిజం సెప్పన్నయ్యా, రిపోర్టు ఉందా, నేదా?"

ఎందుకో రెండోసారి అబద్ధం నోటికి రాలేదు. లేదన్నాను. ఆమె తిట్టలేదు. గ్లౌజులు విప్పేసి మంచినీళ్లిచ్చింది.

"మా నాన్నా ఇలాగే దాసినాడు. నడు, నానొత్తాను" అని షాపు మూసి, పక్క వీధి ల్యాబు దాకా తోడొచ్చింది.

కిడ్నీ దెబ్బతింటోందని తేలింది. వేళకే వచ్చానని, మందులతో చాలాకాలం నెట్టుకు రావచ్చని డాక్టరు చెప్పారు. "ఎడమ చేతికి మాత్రం ఏ సూదీ తగలనివ్వకండి. రేపు డయాలసిస్ అవసరమైతే ఆ చెయ్యే కావాలి" అన్నారు.

కాగితం అంటుకోకపోవడానికి కారణం చెమట కావచ్చంటారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెయ్యి పొడిగానే ఉంది. తర్వాత వచ్చిన మనిషికి అదే సీసా మందుతో, అదే కట్టలో కాగితం శుభ్రంగా అంటుకుందట. టాటూ ఆవిడకు ఫోన్ చేసి మరీ అడిగాను. కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

మా ఆవిడ మాత్రలు అందిస్తూ, "ఈ కాగితం కథా నువ్వల్లిందేనేటి?" అంది.

అల్లిందే అయితే, అప్ప చేత ఒక్క మాటైనా మాట్లాడించేవాణ్ణి.