సుగుణ పలికింది

దెయ్యాల మాటెత్తితే ఎగతాళి చేసేవాణ్ణి. "నువ్వు చూసినవా, మీ మామ చూసిండా?" అని ఎదుటివాడి నోరు మూయించేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. అందుకే ఇది చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఎనభైల చివర్లో ఖమ్మంలో నాకో వ్యాను ఉండేది. భద్రాచలం యాత్రలు తిప్పేవాణ్ణి. గుడి చూపించి తీసుకొచ్చేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేను కొత్తగా, కొద్దిమందిని అడవిలో నడిపించి వాగు ఒడ్డున వండి పెడదామనుకున్నాను. జనానికి చెప్పేముందు మనం నడిచి చూడాలి కదా. మా చెల్లెలు సుగుణ, బొగ్గుబాయిలో పనిచేసే ఆమె భర్త, నా స్నేహితులిద్దరు వచ్చారు.

"ఇయ్యాల మీరే నా గిరాకీ," అన్నాను.

"గిరాకీకి మంచినీళ్లన్న ఇయ్యవా అన్నా?" అని సుగుణ ఆటపట్టించింది.

బూర్గంపాడు దాటాక వ్యాను దిగి నడిచాం. వెనకబడ్డ మనిషికి నా పిలుపు అందుతుందో లేదో చూడాలని సుగుణను కావాలనే చివర ఉంచాను. మలుపు తిరిగినప్పుడల్లా పేర్లు పిలుస్తాను, పలకమన్నాను.

"అడవిల పేరు పెట్టి పిలువొద్దు బావా. కూతెయ్యి, సాలు," అన్నాడు సుగుణ భర్త.

"బాయిల దిగే మనిషివి, నీకు గీ భయమేంది బావా?" అని నవ్వాను. ఉత్త కూత వేస్తే ఎవరు తప్పిపోయారో ఎట్లా తెలుస్తుంది?

వాగు ముందు ఆఖరి మలుపు తిరిగాక పిలిచాను. మిట్టమధ్యాహ్నం. అందరూ పలికారు. సుగుణ కూడా, "ఓ అన్నా" అని, ఎప్పటిలాగే సాగదీసి. నిశ్చింతగా వెళ్లి పొయ్యి రాజేశాను.

అన్నం ఉడికినా ఆమె రాలేదు. వెనక్కి పరుగెత్తాం. మలుపుకు కాస్త అవతలే, కాలు బెణికి నేలమీద కూలబడి ఉంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మాకు ఒక్క కేకా వినపడలేదు.

"పలికినవ్ గదనే!" అన్నాను.

"ఏంది పలికేది? అందరి పేర్లు పిలిచినవ్. నా పేరెప్పుడొస్తదా అని చెవులు రిక్కించిన. నన్ను పిలువనే లేదు గదన్నా," అని బావురుమంది.

నేను బావ వైపు తిరిగాను. నువ్వైనా చెప్పవయ్యా అన్నట్టు చూశాను.

"పలికింది విన్న బావా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు పిలిచింది మాత్రం యాదికొస్తలేదు."

ఆ నడక మళ్లీ ఎవరికీ పెట్టలేదు. కాలు బాగయింది, సుగుణ నాతో మామూలుగానే ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. దెయ్యమే అయి ఉండాలని మొక్కుకుంటాను. కాకపోతే, నా చెల్లెల్ని పిలవడమే నేను మరిచిపోయినట్టు.