దోసపాదుల్లో నక్క

నేను కాపరానికి వెళ్ళిన ఊరు కొత్తపేట దగ్గర గోదావరి లంకలో ఉంది. డెబ్బైల చివర్లో అక్కడికి పడవ మీదే వెళ్ళాలి. మా ఆయన ఏటి అవతల బడిలో పంతులు. ఇంట్లో ఆయనా, నేనూ, అత్తగారూ. పాతికేళ్ళకే భర్త పోతే, కూలికెళ్ళి కొడుకుని చదివించిన మనిషి ఆవిడ. కొడుక్కి జీతం వస్తున్నా కూరగాయలు కొనడమంటే ఆవిడకి నామోషీ.

పెరట్లో వంగ, బెండ, గట్టువార దోసపాదులు పెట్టేరు. కాయ పండబారిందంటే నక్కలు రెల్లుగడ్డిలోంచి వచ్చి, సగం కొరికి వదిలేసేవి. పొద్దున్నే ఆ కాయల్ని చూసి ఆవిడ తిట్టని తిట్టు లేదు. తాటిమట్టలతో దడి కట్టేరు. కింద మట్టి తవ్వుకుని దూరేయి. ముళ్ళకంప పరిచేరు. అయినా ఆగలేదు.

ఒకరోజు బాగా పొద్దెక్కేక, నేను బియ్యం ఏరుతుంటే పెరట్లోంచి ఆవిడ కేక వినబడింది. పాదుల మధ్య నక్క నిలబడి ఉంది. మనుషుల్ని చూసి కూడా కదల్లేదు. నోటివెంట చొంగ కారుతోంది. ఆవిడ కర్రతో ఒక్కటేసేరు. అది తిరగబడి పిక్క పట్టుకుంది. నేను కొడవలి తెచ్చేలోగా వదిలేసి, తూలుకుంటూ రెల్లులోకి పోయింది.

"అత్తయ్యగారూ, అమలాపురం వెళ్దామండీ. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు చేస్తారంట," అన్నాను.

"అవి కుక్క కరిస్తే కదమ్మాయ్! ఇది నక్క," అని పసుపూ సున్నం రాసుకున్నారు. "అబ్బాయికి చెప్పకు. పరీక్షల రోజులు. బడి మానేసి నన్ను తిప్పుతాడు."

నేను చెప్పలేదు. కొత్త కోడల్ని, కాదనే ధైర్యం లేకపోయిందని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. అత్తగారు నాతో ఒక గుట్టు పంచుకున్నారని లోపల్లోపల సంతోషపడ్డాను.

పుండు మానిపోయింది. నెలన్నర తరవాత, ఆ కాలు జివ్వుమంటోందన్నారు. మర్నాడు కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, గొంతు పట్టేసి విసిరికొట్టేరు. మంచినీళ్ళిస్తే వణికిపోయేరు.

"అమ్మని ఏమైనా కరిచిందా?" అని అడిగేరు మా ఆయన.

చెప్పేను. ఆయన నాకేసి చూసి, పడవ కోసం పరుగెత్తేరు.

ఏరు దాటడమే నరకమైంది. నీళ్ళు కనబడకుండా ఆవిడ తలమీద దుప్పటి కప్పి, ఇద్దరం చెరోపక్కా పట్టుకున్నాం. తెడ్డు చప్పుడైనప్పుడల్లా ఒళ్ళంతా విరుచుకుపోయేది.

"ముందే తీసుకురావలసిందండీ. ఇప్పుడు మన చేతుల్లో ఏం లేదు," అన్నారు అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు.

మధ్యలో ఒకసారి తెలివొచ్చి నన్ను గుర్తుపట్టేరు. "అమ్మాయ్, దోసకాయలు కోసేవా? ముదిరిపోతాయి."

"ఆయ్, కోసేనండీ," అన్నాను. ఒక్కటీ కోయలేదు.

మూడోరోజు పోయేరు. మా ఆయన నన్ను ఒక్కమాటా అనలేదు. ఎన్నో ఏళ్ళకి, ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ పూట బడికి కబురంపితే వచ్చేవాణ్ణే కదా," అన్నారు.

నేను మజ్జిగ గిన్నె ఆయన ముందుకి జరిపేను. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచిపోయేరు.