పురిటికొచ్చిన కొంగలు

మా చిన్నప్పుడు... మా మేనత్త పెరట్లోకి గొడుగు వేసుకుని వెళ్ళేది. వానా ఉండేది కాదు, ఎండా ఉండేది కాదు. పైనుంచి కొంగల రెట్టలు పడేవి!

టెక్కలి దాటి నౌపడ వైపు వెళ్తుంటే వస్తుంది మా అత్త ఊరు. ఆమె పెరట్లో ఓ పెద్ద చింతచెట్టు. వినాయక చవితి వెళ్ళి వానలు కుదురుకున్నాయంటే చాలు... పసుపు ముక్కు, పొడుగు కాళ్ళు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు... కొంగలు గుంపులు గుంపులుగా ఆ చెట్టు మీద దిగిపోయేవి. అక్కడే గూళ్ళు, అక్కడే గుడ్లు, అక్కడే పిల్లలు. ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయేవి. ఇక ఆ నీచు వాసన... అబ్బో! మేం వెళ్ళినప్పుడల్లా మా అమ్మ ముక్కు మీంచి కొంగు తీసేది కాదు.

"ఈ కంపులో ఎలగుంటన్నావు వదినా?" అని అడిగేది అమ్మ.

"పురిటికొచ్చిన ఆడపిల్లలే అవి. పురిటిల్లు కంపు కొట్టదేటే?" అని నవ్వేది అత్త.

అది అత్త ఒక్కదాని మాట కాదు, ఊరందరిదీ. దీపావళికి ఆ వీధిలో మతాబులే తప్ప బాంబులు పేల్చేవారు కాదు. పిల్లలం పంగలకర్ర చేత్తో పట్టుకున్నామంటే ఎవరి వీపు వాళ్ళకి విమానం మోత మోగేది. గూట్లోంచి పిల్ల జారిపడితే గంపలో పెట్టి, చిన్న చేపలు తినిపించి, అరుగు మీద కాపలా కూర్చునేవాళ్ళం. పిల్లికి అది ఎంత అన్యాయంగా తోచేదో పాపం...

శివరాత్రి వెళ్ళేసరికి పిల్లలకి రెక్కలొచ్చేవి. తల్లీ పిల్లా అంతా ఎగిరిపోయేవి. అప్పుడు గానీ చెట్టు మీద గెడ వేసేవాళ్ళు కాదు. చింతపండు దులిపి, అరుగు నిండా పోసి, ఆడవాళ్ళందరూ పెచ్చు తీస్తూ కబుర్లలో పడేవారు. పిక్కలు మావి. ఆటకి అవే, వేయించుకు తినడానికీ అవే.

పక్షుల కాలం అయ్యాక పండు కాలం... ఒకదానికొకటి అడ్డు వచ్చేది కాదు. ఎవరు కుదిర్చారో తెలీదు. అసలు ఇదో విషయమని కూడా మాకు తోచలేదు.

నేనిప్పుడు పలాసలో ఉంటున్నాను. మొన్నటి ఉగాది ముందు, ఎండలు ముదురుతుండగా, అత్తని చూడ్డానికి వెళ్ళాను. చెట్టు నిండా పండు. గూళ్ళ నిండా పిల్లలు! వానలు ఆలస్యం, దాంతో కొంగలు ఆలస్యం... పిల్లలకి ఇంకా నూగు కూడా పోలేదు. ఈలోగా ఎండలు మాత్రం ముందే వచ్చి కూర్చున్నాయి. ఊరి చెరువు అడుగు నెర్రెలిచ్చింది.

నేనుండగానే, ఏటా చెట్టు కాపు పాడుకుని కొనుక్కునే చింతపండు వ్యాపారి మనుషుల్ని, గెడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచివాడే.

"సిన్నమ్మా, ఇంకా ఆగితే పండు పురుగు పట్టేత్తాది. గూళ్ళున్న కొమ్మలొగ్గేసి మిగతాది దులుపుకుంటాం."

"కొమ్మ కదిలితే పిల్లలు రాలిపోవేట్రా? పచ్చి బాలింతల్ని ఇంట్లోంచి గెంటేత్తామేటి? ఎల్లు బాబూ, ఎల్లు!"

అత్తకి మందులకైనా, మంచిచెడ్డలకైనా ఆ చెట్టే ఆధారం. "నీ సంగతి కూడా చూసుకో అత్తా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చెట్టు కిందకి తీసుకెళ్ళింది.

"అలగ సూడు" అంది.

మిట్టమధ్యాహ్నం. తల్లి కొంగలు గూటి అంచున నిలబడి, రెక్కలు బార్లా విప్పి, పిల్లల మీద నీడ పట్టాయి. నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. కదిలితే పిల్లల మీద ఎండ పడుతుంది. జంటలో రెండో పక్షి మేతకి వెళ్తే, దగ్గర్లో నీళ్ళు లేక ఎంతసేపటికీ రాదు. నేను ఇద్దరు పిల్లల తల్లిని. అక్కడ నిలబడలేకపోయాను.

ఆ తర్వాత రోజూ ఫోన్ చేసేదాన్ని. కొన్ని పిల్లలు ఎగిరాయి. చాలా పిల్లలు గూళ్ళలోంచి రాలిపోయాయి. అత్త సంతలో చేపలు కొని తెచ్చి మరీ తినిపించింది. అయినా నిలవలేదు. పెరట్లోనే గొయ్యి తీసి పూడ్చింది. పండు సంగతి సరేసరి, చెట్టు మీదే పురుగు పట్టిపోయింది. దాని గురించి ఆమె ఒక్కసారి కూడా అనలేదు. నాకే ఉసూరుమంది.

ఇక ఈసారి... చవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది. ఇప్పుడు కార్తీకం. చెట్టు పచ్చగా, శుభ్రంగా ఉందట. ఒక్క కొంగా దిగలేదు.

"వానలు సరిగ్గా పడలేదు కదత్తా. వాతావరణమే మారిపోతోందంటున్నారు. ఆలస్యంగా అయినా వస్తాయిలే" అన్నాను మొన్న ఫోన్‌లో.

అత్త ఒప్పుకోలేదు.

"వానల గురించి కాదే అమ్మీ... బిడ్డలు పోయిన పుట్టింటికి మలి కానుపుకి ఎవులొత్తారే?"

వేళకి వాన, వేళకి పక్షి, వేళకి పండు... మేం అడక్కుండానే వచ్చినవన్నీ ఇప్పుడు అడిగినా రావేమోనని మొదటిసారి భయం వేసింది.

మీ ఊరికి కూడా ఏటా ఏవో వచ్చేవి కదా... పక్షులో, చేపలో, ఏ పూతో... ఇంకా వస్తుంటే ఇక్కడ రాయండి. మా అత్తకి చదివి వినిపిస్తాను. ఆమెకి ఇప్పుడు ఆ కబురు కావాలి.