గోడ ఊఁ అనదు

ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మనసు ఎక్కడో పెట్టుకొని "ఊఁ, ఊఁ" అనేవాణ్ణి చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. ఇప్పుడు మనసు నిలపడం నేర్పుతామని కొందరు బయలుదేరారు. కళ్లు మూసుకొని ఊపిరి గమనించమంటారు. గమనించండి, వద్దన్నదెవరు? కానీ ముందు కళ్లు తెరిచి, మీతో మాట్లాడుతున్న మనిషి మొహం చూడండి. నేను చూడలేదు. మా నాయన తుంటి విరిగింది.

మైసూరు మహారాజుల కాలం. నిడుగల్లు కొండ కింద మా చేను, చేలో కపిల బావి. తోలు బానకు మోకుతాడు కట్టి, గిలక మీదుగా వేసి ఎద్దుల్ని వాలులో కిందికి తోలితే నీళ్లు పైకి వచ్చేవి. తోలే మనిషి మోకు మీద కూర్చొని తన బరువు కూడా వేసి దిగాలి. మోకు తెగిందంటే మనిషి బండ మీద పడతాడు. ఇది మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. అలాంటి మోకును ఆడవాళ్లు ముట్టుకోకూడదని మా ఇంట్లో ఒక దిక్కుమాలిన కట్టడి. ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు.

నాకప్పటికి పద్దెనిమిదేళ్లు దాటాయి. బడి మొహం ఎరగను. సంతలో బెల్లం చుట్టిచ్చిన పత్రిక ముక్కలు పట్టుకొని, కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. ఆ గర్వం ఒకటి. ఆ రోజు పొద్దున్నే అలాంటి ముక్కతోనే వసారాలో కూర్చున్నాను. అమ్మ పాలచెంబుతో వచ్చి నిలబడింది.

"ఒరే అప్పయ్యా, గిలక కాడ మోకు పురి ఇచ్చుకోని తెగేట్టుండాది. మీ నాయన ఎద్దుల్ని కట్టకముందే పోయి చెప్పు. ఇంటాండావా?"

"ఊఁ."

"నేనేం చెప్తి?"

"ఇన్న్యాలేమ్మా!" అని విసుక్కున్నాను.

ఆమె పాలు పితకడానికి పోయింది. నేను ఒక పదం దగ్గర ఇరుక్కొని దాన్ని విడగొట్టుకుంటూ ఉండిపోయాను. ఆ పదమేమిటో ఇప్పుడు గుర్తుకూడా లేదు. బావి దగ్గర నాయన ఎద్దుల్ని అదిలించడం, గిలక కీచుమనడం వినబడుతూనే ఉన్నాయి. నాకవి ఉట్టి చప్పుళ్లే. ఉన్నట్టుండి గిలక ఆగింది. ఆ వెంటనే నాయన కేక.

కట్లు కట్టే ముసలాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించి, ఈయన ఇక కపిల తోలలేడని చెప్పి పోయాడు. మంచం పక్కన కూర్చొని, అమ్మ చెప్పిన సంగతి, నేను ఊఁ అన్న సంగతి బయటపెట్టి ఏడ్చాను. నాయన దూలం కేసి చూస్తూ అన్నాడు.

"నాకూ చెప్పిందిలేరా, నిన్న సంగటి తినేప్పుడు. నేనూ ఊఁ అన్న్యా."

గడప దగ్గర రాగులు చెరుగుతున్న అమ్మ చేట ఆపింది.

"మీకు చెప్పే బదులు గోడకు చెప్పుకున్యా బాగుండు. గోడ ఊఁ అనదు. ఇన్లేదని తెలుస్తాది. ఇంకొకరికి చెప్పుకుందును."

నాకు నా మీద కోపం వచ్చింది, నాయన మీద వచ్చింది. ఆ కట్టడి మీదైతే ఇప్పటికీ చల్లారలేదు. ఆమె చేతులు కట్టేసి నోరొక్కటి వదిలారు. ఆ నోటిని కూడా మేమిద్దరం ఊఁ అని ఊఁ అని పనికిరాకుండా చేశాం.

కొత్త మోకు వచ్చింది. ఇక తోలాల్సింది నేను. ఎద్దుల దగ్గరికి పోకుండా దాన్ని తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"నువ్వే చూడమ్మా."

ఆమె నా మొహం కేసి చూసింది. చేతులు కొంగుకు తుడుచుకొని, మొదటి నుంచి పురి పురినీ వేళ్లతో తడుముతూ పోయింది. తొందర లేదు. నేను నోరు మూసుకొని ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను.

లోపలి నుంచి నాయన అరిచాడు. "ఒసే, మోకు ఆడది ముట్టగూడదే!"

"ముట్టకుంటే ఏమైందో చూస్తివి గదా," అంది అమ్మ తలెత్తకుండానే. "ఇంటాండావా?"

నాయన ఊఁ అనబోయి సగంలో మింగేశాడు.

"ఇంటాండా," అన్నాడు. "గిలక కాడికొచ్చే తావు ఇంకోసారి చూడు."